మెడ ఏ శాఖ కిందికి వస్తుంది?

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా ఆఫీసులే ఏపుగా పెరుగుతున్న రోజుల్లో, దీర్ఘకంఠయ్య అనే జిరాఫీ అధ్యక్షుడయ్యాడు. ఆయన్ని ఎన్నుకోవడానికి జంతువులు చెప్పుకున్న కారణం ఒక్కటే. తల అంత ఎత్తున ఉన్నవాడికి బుద్ధి కూడా అంత ఎత్తున ఉంటుందట! ఈ లెక్కన తాటిచెట్టునే కూర్చోబెడితే ఇంకా బాగుండేది కదా అని ఎవరూ అడగలేదు. అడిగితే తాటిచెట్టు కూడా నామినేషన్ వేసేదేమో, చెప్పలేం.

అయితే ఈసారి పొరపాటున మంచివాడే దొరికాడు.

ఫైలు ముందు పెడితే చదివేవాడు. చదివి ఊరుకున్నా బాగుండేది. "ఎందుకు?" అని అడిగేవాడు. ఊబి పక్కనే బడి ఎందుకు? కుందేళ్ల దారి మూసెయ్యడం ఎందుకు? ఆ ఒక్క మాట వింటే కార్యదర్శి మృత్యుంజయానికి ఒళ్లు మండిపోయేది. మృత్యుంజయం ముంగిస. సర్వీసులో ఏడుగురు అధ్యక్షుల్ని చూశాడు. ఏ ఒక్కరూ చదివిన పాపాన పోలేదు, అడవి హాయిగా నడిచిపోయింది. ఈయనొచ్చి చదువుతానంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

అధ్యక్షుల వారి ఆరోగ్యం చూసేది డాక్టర్ చంచులత. వడ్రంగిపిట్ట. చెట్టుని టకటకా కొట్టి లోపల పురుగుందో, డొల్లుందో చెప్పేసేది. అదే ముక్కుతో రోగి ఛాతీ మీద నాలుగు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినేది. చేతులు లేకపోయినా హస్తవాసి మంచిదని పేరు. నోరు మాత్రం మంచిది కాదని అంతకన్నా పెద్ద పేరు. దీర్ఘకంఠయ్య పిల్లాడిగా గెంతుతున్నప్పటి నుంచీ ఆవిడే డాక్టరు. ఆయనంటే ఆవిడకి ప్రాణం, కానీ ఎప్పుడూ తిట్టినట్టే మాట్లాడేది.

ప్రతి సోమవారం ఆయన భుజం మీద వాలి, ఆ గుండె గురించి తనే తయారు చేసినంత గొప్పగా చెప్పేది.

"పనసకాయంత గుండె అయ్యా మీది! మా అందరికీ గుండె నుంచి మెదడు దాకా బెత్తెడు దూరం. మీకు ఆరడుగుల ఎక్కుడు. ఎడమ గది గట్టిగా ఒక్క నొక్కు నొక్కితే రక్తం పెద్ద ధమనిలో దూకి, మెడకి అటొకటి ఇటొకటి ఉన్న రెండు గొట్టాల్లో పడి పైకెక్కాలి. మెదడు నిలవ పెట్టుకునే రకం కాదండీ. ఎప్పటి రక్తం అప్పుడు అందాల్సిందే. కాసేపు ఆగిందా, కళ్లు తిరుగుతాయి."

"మరి నీళ్లు తాగడానికి తల దించితే ఆ రక్తమంతా మెదడు మీద పడిపోదా డాక్టరమ్మా?" అనేవాడు దీర్ఘకంఠయ్య. ఆయనకి అడగడం ఒక జబ్బు.

"మెదడు కింద సన్నటి నాళాలు వలలా అల్లుకుని ఉన్నాయి. వరదొస్తే అక్కడ నెమ్మదిస్తుంది. తిరుగు రక్తం మళ్లీ తలలోకి జారకుండా సిరల్లో తలుపులున్నాయి. అన్నీ అమర్చే పుట్టారు మీరు. మీరు చెయ్యాల్సిందల్లా ఆ దారికి అడ్డం పెట్టకుండా ఉండటమే!"

పాపం, అడ్డం పెట్టడమే ఆ అడవిలో ఆచారమని ఆవిడకి అప్పటికి తట్టలేదు.

అక్కడ పెద్దవాళ్లని చూడ్డానికి ఎవరూ ఉత్త చేతుల్తో వెళ్లరు. అడ్డతీగ నారతో తాడు పేని, దానికి పూలు గుచ్చి, పెద్దాయన మెడలో వేసి, వెనక ముడేసి, అప్పుడు విన్నపం విప్పుతారు. ఇదివరకటి అధ్యక్షులు దండ వేయించుకున్న మరుక్షణం తీసి పక్కవాడి చేతిలో పెట్టేసేవాళ్లు. దీర్ఘకంఠయ్యకి ఆ వీలు లేకుండా చేశాడు మర్యాదల శాఖ చూసే నెమలి సింగారయ్య. మొదటి వారమే ఉత్తర్వు తీశాడు.

"దండ తీయడమంటే వేసిన జాతిని అవమానించడమే. పందుల దండ తీసి కుందేళ్ల దండ ఉంచారనుకోండి, అడవి రెండుగా చీలిపోతుంది. పైగా వారి మెడ పొడుగు. ఇంకా బోలెడు చోటుంది."

బోలెడు చోటుందన్న మాట అందరికీ నచ్చింది. కోతులు నిచ్చెనల్లా ఒకదాని మీద ఒకటెక్కి దండలు కట్టేవి. పూలు రెండు రోజుల్లో రాలిపోయేవి, నార తాడు మిగిలేది. ఎండాకాలం ఫర్వాలేదు, వదులుగా ఊగేవి. ఆషాఢం వచ్చి ముసురు పట్టింది. పేనిన నార తడిస్తే బిగుసుకుంటుందని మంచం నులక కట్టేవాడికెవడికైనా తెలుసు. మర్యాదల శాఖకి తెలియదు. తెలియాల్సిన అవసరం ఏముంది, మెడ వాళ్లది కాదుగా.

ఒక సోమవారం సభలో మృత్యుంజయం ఫైలు చదువుతున్నాడు. కుందేళ్ల బొరియలు పూడ్చి, పైన అడవిపందులకి విశ్రాంతి మందిరం కట్టాలని. చదవడం అయ్యాక "ఎందుకు?" కోసం పళ్లు బిగించి నిలబడ్డాడు. దీర్ఘకంఠయ్య కళ్లు సగం మూతపడి ఉన్నాయి. ఎటో చూశాడు. పెదాలు కదిపాడు.

"కానివ్వండి."

మృత్యుంజయానికి మతి పోయినంత పనైంది. పరీక్షిద్దామని అప్పటికప్పుడు ఇంకో కాగితం రాశాడు. మంగళవారాలు ఏరు ఎగువకి పారాలని.

"కానివ్వండి" అన్నాడు అధ్యక్షుడు.

ముంగిసకి ఇంకేం కావాలి? తెలివితక్కువవాడు కాదు. ఆ మెడ వంక చూశాడు, తడిసి బిగుసుకున్న తాళ్ల వంక చూశాడు, విషయం అర్థమైపోయింది. డాక్టరుకి చెబుదామనుకున్నాడా? అనుకోలేదు. మర్నాడే సన్మాన మాసం ప్రకటించాడు. రోజుకో దండ. రోజుకి పాతిక ఫైళ్లు. పూర్వం ఏడాది పట్టే పనులు పూటలో అయిపోతున్నాయని అడవంతా ఒకటే పొగడ్తలు. పందులకి మందిరం, కొండముచ్చులకి మేడితోపు, ఎవరికి కావలసింది వాళ్లకి. కుందేళ్లు ఏడిచాయిగానీ, వాటి ఏడుపు ఎప్పుడు ఎవరికి వినపడింది గనక!

డాక్టర్ చంచులత ముసురు పట్టినప్పటి నుంచీ గుడ్ల మీదే ఉంది. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాక వచ్చి భుజం మీద వాలింది. దీర్ఘకంఠయ్య మెల్లగా తల తిప్పి చూశాడు.

"ఎవరు?" అన్నాడు.

ఆవిడకి గుండెల్లో రాయి పడింది. ఛాతీ మీద టకటకా కొట్టి చెవి ఆనించింది. లోపల గుండె దడదడా బాదుకుంటోంది, రెండు రెట్లు కష్టపడుతోంది. పైకి ఎగిరి చూస్తే కళ్లలో నరాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గుండెకి జబ్బు లేదు. మెదడుకి జబ్బు లేదు. ఆ రెంటికీ మధ్య దారికి ఉరేశారు.

ఆ పూటే నివేదిక రాసింది. "రక్తం గుండెలో బయల్దేరుతోంది, మెదడుకి చాలినంత చేరడం లేదు. దండలు తీసెయ్యండి. లేకపోతే మనిషి దక్కడు." జిరాఫీని మనిషి అనడమేంటని నివేదిక ఒకసారి తిరిగొచ్చింది. దిద్ది మళ్లీ పంపింది.

నివేదిక గుండె శాఖకి వెళ్లింది. ఎలుగుబంటి జగ్గారావు దాన్ని వాసన చూసి, "మా దగ్గర నుంచి ఒక్క బొట్టు తగ్గలేదమ్మా. అసలు మామూలుకన్నా ఎక్కువే తోస్తున్నాం. మాకు ప్రశంసాపత్రం ఇవ్వాలి" అన్నాడు.

మెదడు శాఖ గుడ్లగూబ విశ్వేశానిది. ఆయన ఒక కన్ను తెరిచాడు. "మాకు అందడం లేదు. అందలేదని రోజూ రాసి పెడుతూనే ఉన్నాం. మా వైపు లోపం లేదు."

"మధ్యలో మెడ ఉంది కదండీ!" అని అరిచింది చంచులత.

"అది మా పరిధిలోకి రాదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ రెండు శాఖలూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

మెడ ఎవరిదని వెతుక్కుంటూ వెళ్తే అది నెమలి సింగారయ్య దగ్గర తేలింది. "మెడ మాదే. కానీ పైపైన, అలంకరణ వరకే. లోపల ఏం పారుతోందో మాకు సంబంధం లేదు" అన్నాడు పింఛం సవరించుకుంటూ.

"పైన కట్టింది లోపలికి నొక్కదటయ్యా?"

"అలాగని రూల్లో లేదండీ."

చివరికి ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షత ఎవరు వహించారో చెప్పాలా? మృత్యుంజయమే. కమిటీ మూడు రోజులు కూర్చుంది, బాగా తింది, నాలుగోరోజు తీర్మానం చదివింది.

"రక్తం తల దగ్గరికి ఎక్కలేకపోతున్నదని వైద్యురాలే ఒప్పుకున్నారు. కాబట్టి తలనే రక్తం దగ్గరికి దించాలి. ఈరోజు నుంచి అధ్యక్షుల వారు తల నేలకి ఆనించి పాలన సాగిస్తారు. ఫైళ్లు కూడా నేల మీదే ఉంటాయి గనక సంతకాలకి మరింత సౌకర్యం."

సభ చప్పట్లతో మోగిపోయింది. ఎలుగుబంటికి కళ్లు చెమర్చాయి కూడా. చంచులత మాత్రం కొమ్మ మీద నుంచి దిగి మృత్యుంజయం ముక్కు ముందు నిలబడింది.

"వచ్చిన రక్తం తిరిగి కిందికి పోవద్దా? పోయే దారి కూడా ఆ మెడే! తలలోనే నిలబడి మొహం ఉబ్బిపోతుంది. తర్వాత తల ఎత్తిన మరుక్షణం దబ్బున పడిపోతాడు!"

"ఎత్తితే కదమ్మా పడేది" అన్నాడు మృత్యుంజయం చల్లగా. "ఎత్తరు."

అంతే. ఆవిడ్ని బయటికి పంపించారు. ఆ రోజు ఆవిడ చింతకొమ్మ మీద కూర్చుని ఏడ్చింది. తన చేతుల్లో పెరిగినవాడు కళ్లముందే చస్తుంటే, డాక్టరయి ఉండి, ముక్కంత ముక్కు పెట్టుకుని, ఏమీ చెయ్యలేకపోయింది. అనుమతి లేకుండా దండ ముట్టుకుంటే ముక్కు కోసేస్తామని సింగారయ్య కాపలా పెట్టాడు మరి. కాపలాకి రెండు ముళ్లపందులు.

దీర్ఘకంఠయ్య ముందుకాళ్లు రెండూ ఎడంగా చాపి తల నేలకి దించాడు. మొదటిరోజు మొహం పొంగింది. రెండోరోజు కళ్లు పూడుకుపోయాయి. మూడోరోజు ఎవరేం చెప్పినా, చెప్పకపోయినా, "కానివ్వండి, కానివ్వండి" అంటూనే ఉన్నాడు.

ఇంత తెలివైన మృత్యుంజయం ఒక్క సంగతి మర్చిపోయాడు. ఆ తల ఎత్తున ఉన్నంతకాలం అది అందనివాళ్లు కొందరున్నారు. అధ్యక్షుల వారి ఒంటి మీద పాములు పాకరాదని మృత్యుంజయమే ఎప్పుడో ఉత్తర్వు తీసి ఉన్నాడు, అందుకని అవి సన్మానాలకి రాలేకపోయేవి. ఇప్పుడు పాకనక్కర్లేదు. తల వాటి గుమ్మం ముందే ఉంది!

నాలుగోరోజు పొద్దున, మృత్యుంజయం భోజనానికి వెళ్లిన సమయం చూసి, నాగుపాముల సంఘం ఊరేగింపుగా వచ్చింది. సంఘం పెద్ద ఫణీంద్రుడు ఎంతో భక్తిగా కుబుసాలతో అల్లిన దండ అధ్యక్షుడి మెడకి చుట్టాడు. విన్నపం ఒకే ఒక్క వాక్యం. ముంగిసజాతిని సాయంత్రంలోగా అడవి దాటించాలి, దాటని ముంగిసని పాముల సంఘానికి అప్పగించాలి.

"కానివ్వండి" అన్నాడు దీర్ఘకంఠయ్య.

భోజనం నుంచి వచ్చిన మృత్యుంజయం ఆ కాగితం చూసి నిలువునా చల్లబడిపోయాడు. చదివాడు. జీవితంలో మొదటిసారి ఒక ఫైలు చివరిదాకా చదివాడు. తర్వాత చింతచెట్టు వైపు పరిగెత్తాడు చూడండి, తోక నేలకి ఆనలేదు.

"డాక్టరమ్మా! తల్లీ! ఆ దండలు తెంపెయ్యి! ఇప్పుడే! ఈ క్షణమే!"

చంచులత కొమ్మ మీద నుంచి కదల్లేదు. "మెడ ఏ శాఖ కిందికి వస్తుందో తేలిందా?"

"నా కిందికే వస్తుంది! ఇప్పుడే తేల్చాను! రాసిస్తాను, ఏం కావాలంటే అది రాసిస్తాను!"

ఆవిడకి ఆ మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. కానీ అవతల ప్రాణం పోతోంది. ఎగిరింది. సింగారయ్య రెక్కలడ్డం పెట్టి, "ముందు ఏ జాతి దండ తెంపుతారు? క్రమం తేలాలి కదా! గొడవలవుతాయి!" అన్నాడు. మృత్యుంజయం వాడి పింఛం పట్టి పక్కకి లాగేశాడు. ముళ్లపందులు గాలి ఎటు వీస్తోందో చూసుకుని తమంతట తామే తప్పుకున్నాయి.

డాక్టరు ముక్కు పని మొదలెట్టింది. కుబుసాల దండ పోయింది. పందులది పోయింది. కొండముచ్చులది, నక్కలది, ఎలుగులది. నార తాళ్లు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. ముక్కు చివర చిట్లింది, అయినా ఆపలేదు. అరవై నాలుగు తెంపాక అన్నిటికన్నా అడుగున ఇంకొక్కటి మిగిలింది. అది వడ్రంగిపిట్టల సంఘం వేసిన దండ. ప్రమాణ స్వీకారం రోజు ఆవిడే స్వయంగా ముడేసింది. ఆవిడకి సిగ్గేసింది. పిట్టల చెట్లు కొట్టొద్దని అడగడానికి వేశాం గదా అని సర్దిచెప్పుకోబోయింది, సర్దిచెప్పుకోలేకపోయింది. అందరూ ఏదో ఒకటి అడగడానికే వేశారు. దాన్నీ తెంపింది.

"నెమ్మదిగా ఎత్తండయ్యా. ఒక్కసారిగా కాదు. మోకాలి దాకా. ఆగండి. ఇప్పుడు ఛాతీ దాకా. ఆగండి, గుండెకి అలవాటు కానివ్వండి."

సగం ఎత్తులో దీర్ఘకంఠయ్య తూలాడు. జంతువులన్నీ ఘొల్లుమన్నాయి. చంచులత ఛాతీకి చెవి ఆనించింది. లోపల గుండె ఒక్క క్షణం ఆగినట్టయి, ఆవిడ ప్రాణం కూడా దాంతో పాటే ఆగింది. అంతలో ఢామ్మని ఒక్క దెబ్బ వినబడింది. ఎడమ గది నొక్కింది. రక్తం పెద్ద ధమనిలోకి దూకి, ఇటూ అటూ చీలి, ఏ అడ్డూ లేని దారిలో ఆరడుగులూ ఎక్కింది. మొహం వాపు తగ్గింది. కళ్లు తెరుచుకున్నాయి.

"డాక్టరమ్మా, మీ ముక్కుకి ఏమైంది?" అన్నాడు దీర్ఘకంఠయ్య.

ఆవిడ అందరి ముందూ బావురుమంది.

కథ ఇక్కడ ఆగితే పిల్లలకి చెప్పుకోవచ్చు. కానీ ఆ రోజు ఇంకా చాలా మిగిలి ఉంది.

దీర్ఘకంఠయ్య కూర్చుని సన్మాన మాసం ఫైళ్లన్నీ చదివాడు. పాముల ఉత్తర్వు చింపేశాడు. ముంగిసజాతి ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. పందుల మందిరం రద్దు చేశాడు. కొండముచ్చుల మేడితోపు వెనక్కి తీసుకున్నాడు. కుందేళ్ల బొరియలు కుందేళ్లకే ఇచ్చేశాడు. ఏరుని కూడా మంగళవారాలు దిగువకే పారమన్నాడు.

సాయంత్రానికి అడవి భగ్గుమంది. మా దండ తెంపుతారా అని అరవై నాలుగు జాతులు, పాములతో కలిపి, రావిచెట్టు కింద చేరాయి. అధ్యక్షుడికి తలకెక్కిందన్నాయి. అవిశ్వాస తీర్మానం రాశాయి. రాసింది ఎవరనుకున్నారు? పొద్దున డాక్టరు కాళ్ల మీద పడ్డ మృత్యుంజయమే. మెడ మీద గండం గడిచింది కదా, ఇక విశ్వాసంతో పనేముంది! ఆయన పక్కనే ఫణీంద్రుడు కూడా కూర్చుని అక్షరదోషాలు చూశాడు.

ఆ తీర్మానం దీర్ఘకంఠయ్య చేతికొచ్చింది. చదివాడు. అడుగున సంతకాలు చూశాడు. మద్దతుగా మిగిలింది కుందేళ్లొక్కటే, అవి కూడా బొరియలు దొరికాక లోపలికి పోయి పడుకున్నాయి. చాలాసేపు ఆలోచించాడు. ఇప్పుడా మెదడుకి రక్తం పుష్కలంగా అందుతోంది, ఎంత కావాలంటే అంత ఆలోచించగలదు.

డాక్టర్ని పిలిపించి, అందర్నీ బయటికి పంపేశాడు.

"డాక్టరమ్మా, ఒక మాట. ఎన్ని దండలు వేసుకుంటే ప్రాణానికి భయం లేదు?"

చంచులతకి ఆ ప్రశ్న ముందు అర్థం కాలేదు. "వదులుగా అయితే మూడు. వాన పడితే అవీ వద్దు."

"మరి ఎవరేం చెప్పినా కాదనకుండా ఉండాలంటే ఎన్ని కావాలి?"

అప్పుడు అర్థమైంది. ఆవిడకి ముక్కు నొప్పి ఒక్కసారిగా తెలిసొచ్చింది. "మొన్న ముప్పై దాటాక అలా అయ్యారట" అంది నెమ్మదిగా.

దీర్ఘకంఠయ్య ఆవిడ కళ్లలోకి చూడకుండా, కిటికీలోంచి రావిచెట్టు వైపు చూస్తూ, "మధ్యలో ఏదో ఒకటి చూసి రాసివ్వండి" అన్నాడు.

"మీ అంతట మీరే అడుగుతున్నారా అయ్యా? ఇంత తెలివిలోకి వచ్చి?"

"తెలివిలోకి వచ్చాను గనకే అడుగుతున్నాను."

"ఆ అంకె నా దగ్గర లేదు" అంది చంచులత. ఇంకో మాట మాట్లాడితే ఏడుపొస్తుందని ఎగిరి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ సోమవారమూ ఆ భుజం మీద వాలలేదు.

అంకె దొరకడం పెద్ద కష్టం కాలేదు. మర్నాటికల్లా సింగారయ్య ఒక గబ్బిలం డాక్టర్ని వెతికి తెచ్చాడు. పుట్టినప్పటి నుంచీ తలకిందులుగా వేలాడుతున్నవాడికి రక్తప్రసరణ గురించి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన మెడ కొలవకుండానే పంతొమ్మిది అని రాసి సంతకం పెట్టాడు. అవిశ్వాసం వీగిపోయింది. పంతొమ్మిది జాతులకి చోటు దొరికింది, మిగిలినవి వరసలో నిలబడ్డాయి. ఆకాశం మబ్బేసి ఉంది.

నీతి: రక్తం మెదడుకి అందకపోతే ప్రాణానికి ముప్పు, అందితే పదవికి.